ఎవరన్నారు, ఎక్కడన్నారు?

మా అన్న కూతురు వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. సంక్రాంతికి రుద్రవరం వచ్చిన పిల్ల పండగ మూడు రోజులూ ల్యాప్‌టాప్ ముందే కూర్చుంది. నల్లమల మొక్కల మీద తాను రాసిన వ్యాసాన్ని ఒక జర్నల్ తిప్పి పంపింది. విషయం గురించి ఒక్క మాట అనలేదు. రెఫరెన్సులు తమ పద్ధతిలో లేవు, సరిచేసి పంపమన్నారు. "తొంభై ఉన్నాయి చిన్నాయనా. ఒక్కోదానికీ కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అని చూసుకోవాల. ఇవన్నీ ఎవరు పెట్టినారో!" అంది.

ఎవరు పెట్టారో చెప్పడానికి మా ఊరి అడవి దగ్గరే మొదలుపెట్టాను. రుద్రవరం రేంజిలో పెరిగే ఎర్రచందనానికి శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్. ఆ పేరు చివర ‘ఎల్.ఎఫ్.’ అని ఉంటుంది. ఎల్ అంటే లిన్నేయస్, ఎఫ్ అంటే లాటిన్‌లో కొడుకు. మొక్కలకు జంట పేర్లు స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ కొడుకు మన ఎర్రచందనానికి ఆ పేరు పెట్టాడు. ప్రపంచంలో ఏ మూల ఈ చెట్టు గురించి రాసినా ఆ రెండక్షరాలు వెంట వస్తాయి. రెఫరెన్సు అంటే అదే. ఈ మాట నాది కాదు, ఫలానా వారిది అని ఒప్పుకోవడం.

ఈ మర్యాద పడమటి దేశాల నుంచి వచ్చిందనుకుంటే పొరపాటు. మెదక్ ప్రాంతపు కొల్చారం వాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, మూలం లేనిదేదీ రాయనని మొదట్లోనే మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. పదానికి అర్థం చెప్పి, వెంటనే ‘ఇత్యమరః’ అంటాడు. అమరకోశం ఇలా చెప్పింది అని. పేజీ నంబరు లేదు. తాళపత్రాల కాలంలో ఏ రెండు ప్రతుల్లోనూ ఒకే మాట ఒకే ఆకు మీద ఉండదు కదా! చదివేవాడికి అమరం కంఠస్థం కాబట్టి పేరు చెబితే చాలు. పేజీ నంబరుకు విలువ వచ్చింది అచ్చు వచ్చాకే. వెయ్యి ప్రతుల్లోనూ ఫలానా వాక్యం ఫలానా పుటలోనే ఉంటుందన్న భరోసా అచ్చుయంత్రం ఇచ్చింది.

1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ మొదలుపెట్టాక పరిశోధనలు పత్రికల్లో రావడం అలవాటైంది. ఆధారాలు చెప్పే తీరు మాత్రం చాలాకాలం ఎవరిష్టం వారిది. ఒకరు అంచులో రాసేవారు, ఒకరు పుట అడుగున రాసేవారు. కొందరైతే పండితుడి పేరు చెప్పి ఊరుకునేవారు.

రచయిత పేరు, సంవత్సరం వాక్యంలోనే కుండలీకరణాల్లో పెట్టే పద్ధతి ఒక గుల్లలేని నత్త పుణ్యాన వచ్చింది. హార్వర్డ్‌లో జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో ఆ నత్త గుడ్లు ఎలా ఎదుగుతాయో వివరిస్తూ పెద్ద వ్యాసం ప్రచురించాడు. ముందువారి పనిని అడుగడుగునా ప్రస్తావించాలి, చదివేవాడి ధార తెగకూడదు. అందుకని పేరూ ఏడాదీ అక్కడికక్కడే పెట్టి, పూర్తి వివరాలు చివర జాబితాలో ఇచ్చాడు. నేటి ‘హార్వర్డ్ పద్ధతి’కి మూలం అదే అంటారు. విశ్వవిద్యాలయం పూనుకొని పెట్టిన నియమమేమీ కాదు.

అదే హార్వర్డ్‌లో మన తెలుగువాడి పేరు ఈ జాబితాల్లోకి ఎక్కింది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ప్రచురించాడు. 66వ సంపుటం, 375వ పుట. దాన్ని వేల వ్యాసాలు ఉదహరించాయి. అయితే ఆ జాబితాల్లో ఆయన పేరు ‘సుబ్బారావు వై.’ అని ఉంటుంది. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. వాళ్లకు చివరిదే ఇంటిపేరు. అలా ఎల్లాప్రగడ ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది, సుబ్బారావు ఇంటిపేరైంది. ఈ తికమక నేటికీ తీరలేదు. ఒక వ్యాసంలో ఇంటిపేరుతో, ఇంకో వ్యాసంలో సొంత పేరుతో అచ్చయితే ఒకే మనిషి ఇద్దరుగా లెక్కకు వస్తాడు. అందుకే 2012 నుంచి ఆర్కిడ్ అనే పదహారంకెల గుర్తింపు ఇస్తున్నారు. మా అమ్మాయికి మొదట చెప్పింది అది తీసుకోమనే.

తర్వాతి సంగతులు తొందరగా చెప్పొచ్చు. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ఎవరి వ్యాసాన్ని ఎవరు ఉదహరించారో చూపే సూచిక తెచ్చాడు. దాంతో రెఫరెన్సులో ఒక్క అంకె తప్పినా ఆ లెక్కలో తేడా వచ్చే రోజులొచ్చాయి. 1978 జనవరిలో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కూర్చుని, అందరూ ఒకే తీరు వ్యాసం తీసుకోవాలని ఒప్పుకున్నారు. 1, 2, 3 అని వరస అంకెలిచ్చే వాంకూవర్ పద్ధతి అక్కడిది. 2006లో జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒకసారి వివరాలు ఎక్కిస్తే, జర్నల్ మారినప్పుడల్లా కామాలూ చుక్కలూ అదే మార్చుకుంటుంది. కనుమ నాటి సాయంత్రానికి అమ్మాయి తొంభై రెఫరెన్సులూ అందులోకి ఎక్కించింది. నాలుగింటికి సంవత్సరం తప్పు, ఒకదానికి సంపుటం లేదు. అవి సాఫ్ట్‌వేర్ పట్టలేదు, మేమే పట్టుకున్నాం.

ఇంత చాదస్తం ఎందుకు అనేవారికి మా జిల్లాలోనే జవాబుంది. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఎముకలున్నాయని కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. శీర్షికలోనే అక్షాంశ రేఖాంశాలు ఇచ్చాడు. నలభై ఏళ్ల తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఆ గుహలకు వెళ్లాడు. ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వించాడు. దొరికిన ఎముకల మీద 1886లో లైడెక్కర్ గ్రంథం రాశాడు. వాళ్ల రాతలు పట్టుకునే ఎం.ఎల్.కె. మూర్తి 1970లలో కర్నూలు గుహల్లో మళ్లీ తవ్వకాలు చేశారు. న్యూబోల్డ్ 1850లో పోయాడు. అతణ్ణి చూడనివాళ్లు అతని వ్యాసం వెంటబడి ఆ గుహల దాకా చేరారు.

పరిశోధన చేసే మా సీమ పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. చదివిన వ్యాసం మూయకముందే నోటుబుక్కులో రచయిత, సంవత్సరం, పత్రిక, సంపుటం, పుట రాసుకోండి. కామాలు తర్వాత చూసుకోవచ్చు.