మడిగ, నకరం, సమయం: మధ్యయుగ ఆంధ్రదేశంలో వర్తక సంఘాలు – చిల్లర వర్తకుని స్థితి

కాకతీయ యుగపు తెలుగు శాసనాలలో 'మడిగ' అనే పదం కనిపిస్తుంది. అంగడి అని దాని అర్థం. అంగడిపై విధించే పన్నుకు మడిగసుంకమని పేరు. అదే కాలపు శాసనాలలో కనిపించే మరొక పదం 'నకరం'. ఇది సంస్కృత 'నగర' శబ్దభవమే అయినా, వర్తక సందర్భంలో దీనికి ఊరు అనే అర్థం కన్న ఊరి వర్తకుల సమూహం అనే అర్థమే ప్రధానం. దేశాంతర వాణిజ్యం, నౌకాశ్రయాలు, మహావర్తకుల బిరుదావళి గురించి చరిత్రకారులు విస్తృతంగా రాశారు. కాని మడిగలో కూర్చుని పసుపో మిరియాలో అమ్ముకునే మనిషికి ఈ సంఘం వల్ల ఒనగూరినదేమిటన్న ప్రశ్నకు దక్కిన చోటు స్వల్పం.

వర్తక సంఘాలన్నీ ఒకే స్వభావం గలవి కావు. స్థానిక వర్తకుల కూటమి నకరం. ఊరూరా తిరిగి సరకు చేరవేసే వర్తకుల కూటములు వేరు. 'స్వదేశి పరదేశి ఉభయ నానాదేశి పెక్కండ్రు' అని శాసనాలు పేర్కొనేది స్థానికులూ దూరదేశీయులూ కలిసిన సమూహాన్ని. 'పెక్కండ్రు' అంటే పలువురు అని మాత్రమే అర్థం. ఇంత సాధారణమైన మాట ఒక అధికారిక సంస్థకు పేరుగా నిలవడం గమనించదగినది. నేటి కర్ణాటకలోని ఐహొళె కేంద్రంగా ఎదిగిన అయ్యావళి అయిదునూర్వురు ఈ సంఘాలలో ప్రసిద్ధులు. వారు తమ కట్టుబాటును వీరబలంజ ధర్మమని చెప్పుకొన్నారు. సంఘానికీ కట్టుబాటుకూ 'సమయం' అనే ఒకే మాట వాడుకలో ఉండేది. ఒప్పందమే సంఘమన్న భావన ఆ మాటలోనే ఇమిడి ఉంది.

సంఘం అంగడి వర్తకునికి ఏ విధంగా తోడ్పడిందో తెలుసుకోవడానికి దాన శాసనాలే ముఖ్యమైన ఆధారం. ఊరి వర్తకులు కూడి, తాము అమ్మే సరకుపై ఇంత చొప్పున దేవుని దీపారాధనకో నైవేద్యానికో చెల్లిస్తామని ఒప్పుకొని రాయించిన శాసనాలవి. మాడకు ఇన్ని వీసాలని, పెరికకు ఇంతని, బండికి ఇంతని వేర్వేరు లెక్కలుండేవి. వీసమంటే పదహారో వంతు. అంత చిన్న భాగాన్ని కూడా రాతిలో చెక్కించారు. పైపైన చూస్తే ఇది భక్తి. అయితే రాజసుంకం చెల్లిస్తున్న వర్తకుడు మరొక భారాన్ని ఇష్టపూర్వకంగా నెత్తికెత్తుకోవడానికి భక్తి ఒక్కటే కారణం కాకపోవచ్చు. అందరి ఎదుటా రాతిపై చెక్కిన రేటు చెల్లించవలసిన మొత్తాన్ని నిర్ణయించినట్లే, అంతకుమించి అడగరాదన్న హద్దును కూడా నిలుపుతుంది. ఇక అందరూ ఒకే లెక్కన చెల్లించేటప్పుడు పక్క మడిగవాడు దానాన్ని ఎగవేసి సరకును చవకగా అమ్మే వీలు తగ్గుతుంది. ఇది శాసన వాక్యం నేరుగా చెప్పే విషయం కాదు, దాని నిర్మాణం నుండి చేసే ఊహ. అయినా రేట్ల పట్టికలలో కనిపించే పట్టుదలను కేవల ధార్మిక ఉత్సాహంగా చదవడం కన్న ఇది సమంజసం.

రేటు నిశ్చితంగా ఉండడం వర్తకునికి ఎంత అవసరమో మోటుపల్లి అభయశాసనం తెలుపుతుంది. కాకతి గణపతిదేవుడు శక వర్షం 1166లో, అనగా క్రీ.శ. 1244–45లో దీనిని వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను పూర్వపు రాజులు బలాత్కారంగా తీసుకునేవారని, తాము నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నామని అందులో రాజు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పైకి ఒకటి. శ్రీగంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు మొదలైన వాటికి విడివిడిగా లెక్కలున్నాయి. రేవులో సుంకం ఇంతేనని తెలిసినప్పుడే ఓరుగల్లు అంగడిలో మిరియాలు అమ్మేవాడు తన ధరను ముందుగా లెక్క వేసుకోగలడు. ఆ అభయం ఓడవర్తకునికి ఇచ్చినదే అయినా, దాని ఫలం లోతట్టు మడిగ దాకా చేరింది.

ఈ అభయం కాకతీయులతోనే అంతం కాలేదు. కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి కాలంలో, శక 1280లో (క్రీ.శ. 1358) మోటుపల్లిలో మరొక శాసనం వెలసింది. అక్కడ స్థిరపడే వర్తకులకు భూవసతి కల్పించడం, వారు వేరొక చోటికి వెళ్లదలచినప్పుడు అడ్డుపెట్టకపోవడం, తమ సరకును కోరినవారికి అమ్ముకోనివ్వడం ఇందులోని హామీలు. అపుత్రికాదండాన్ని, అంటే కొడుకులు లేక మరణించినవారి ఆస్తిని రాజు తీసుకునే పద్ధతిని తొలగించడం వీటన్నిటికన్న విశేషం. కుటుంబమే పెట్టుబడిగా సాగే వ్యాపారానికి ఈ పద్ధతి తుఫాను కన్న పెద్ద ప్రమాదం. ఈ హామీలను ఏదో ఒక సంఘం అడిగి సాధించుకున్నదని శాసనం చెప్పదు. అయినా ఒంటరి దుకాణదారు రాజు నుండి ఇటువంటి మాట పొందగలిగేవాడని ఊహించడం కష్టం.

ధనలాభం కన్న భిన్నమైన తోడ్పాటు కూడా ఉంది. తెలికివారికి, అనగా నూనె వర్తకులుగా ప్రసిద్ధికెక్కిన వేయిమందికి సంబంధించిన టేకి తామ్రశాసనం 11వ శతాబ్ది చివరిది. వేంగిని పాలించిన చోడగంగు కాలంలో వెలసిన ఈ శాసనం వారికి ఇచ్చినది భూమి కాదు, సుంకం మినహాయింపు కాదు. పెండ్లిలో వధూవరులు వీధులలో గుర్రంపై ఊరేగే హక్కు అది. వేడుక ముగిశాక వారు రాజుకు వస్త్రాల జత సమర్పించి తాంబూలం అందుకునే గౌరవం కూడా లభించింది. గానుగ తిప్పేవారి పిల్ల గుర్రమెక్కడమంటే వీధిలో ఆ సమూహం స్థానం మారడమే. ఒక్క ఇంటికి దక్కని హక్కు సమూహమంతటికీ దక్కింది.

వీటిని చూసి మధ్యయుగ సంఘాలను స్వయంపాలిత ప్రజాస్వామ్యాలుగా కీర్తించే ధోరణి ఒకటి మన చరిత్రరచనలో ఉంది. దానిని జాగ్రత్తతో స్వీకరించాలి. నకరంలో ఎవరి మాట చెల్లేదో శాసనాలు చెప్పవు. సంతను నెలకొల్పిన పట్టణస్వామికి విజయనగర యుగంలో మాన్యాలు లభించిన సందర్భాలున్నాయి. తలమూట దించుకుని అమ్ముకునేవానికి అటువంటి ప్రతిఫలం దక్కిన దాఖలా కనిపించదు. సంఘం ఇచ్చిన నీడ అందరిపై ఒకేలా పడి ఉండదు.

సాహిత్యం ఈ అంతరాన్ని మరింత స్పష్టంగా చూపుతుంది. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చినది అవచి తిప్పయసెట్టికి. ఆయన కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన మహావర్తకుడు. క్రీడాభిరామం ఓరుగల్లు వీధులను, రూకకు భోజనం పెట్టే పూటకూళ్ల ఇంటిని కళ్లకు కట్టిస్తుంది (కర్తృత్వ వివాదం ఇక్కడ అప్రస్తుతం). అందులో మంచనశర్మ వెంట తిరిగే టిట్టిభసెట్టి వర్తకుడే, కాని కావ్యం అతనిని అంగట్లో కూర్చోబెట్టదు, విలాసపు వీధుల్లో తిప్పుతుంది. వీసాల లెక్క రాయించిన మడిగవారిలో చాలామందికి శాసనాలలోనూ పేరు లేదు. వారి పసుపు, అల్లం, నువ్వులు మాత్రం ఒక్కొక్కటిగా పేర్కొనబడ్డాయి.