బహుళ దశల నమూనా రాకెట్టు

బహుళ దశల నమూనా రాకెట్టు అనగా రెండు లేక అంతకంటె ఎక్కువ మోటార్లు ఒకదాని తరువాత ఒకటి మండేటట్లు అట్టగొట్టం, తేలికైన చెక్కలతో నిర్మించే చిన్న రాకెట్టు. మండి ముగిసిన దశ విడిపోవడంతో బరువు తగ్గి, పై దశ మరింత ఎత్తుకు చేరుతుంది. శ్రీహరికోట నుండి 1993లో తొలిసారి ప్రయోగించిన నాలుగు దశల పి.ఎస్.ఎల్.వి.ది కూడా ఇదే సూత్రం.

చరిత్ర

ఈ అభిరుచి 1950లలో అమెరికాలో ఆర్విల్ కార్లైల్, జి. హ్యారీ స్టైన్‌ల కృషితో వ్యాప్తి చెందింది.

పనిచేయు విధానం

మోటారుపై "సి6-0" అని ఉంటే, "సి" మొత్తం ప్రచోదనపు తరగతిని, 6 సగటు తోపుడు బలాన్ని న్యూటన్లలో, 0 ఆలస్య కాలాన్ని సెకన్లలో తెలుపుతాయి. ఒక్కొక్క అక్షరానికి ప్రచోదనపు గరిష్ఠ పరిమితి రెట్టింపవుతుంది. ఆలస్యం లేనందున, తుపాకిమందు మండి ముగియగానే వేడి వాయువులు ముందుకు చొచ్చుకొనిపోయి పై మోటారును అంటిస్తాయి. పై దశలో "సి6-7" వాడితే, అది మండి ముగిసిన సుమారు 7 సెకన్లకు చిన్న మందు పేలి పారాచూట్‌ను వెలుపలికి నెడుతుంది.

జాగ్రత్తలు

కింది మోటారు బరువు వలన గరిమనాభి వెనుకకు జరుగుతుంది. అందుచేత కింది దశకు పెద్ద రెక్కలు అవసరం. రాకెట్టు గాలికి వాలిన తరువాత పై దశ అంటుకొంటే, అది పైకి పోక పక్కకు దూసుకుపోతుంది. ఈ ప్రయోగాలలో ప్రధాన ప్రమాదం ఇదే. కనుక గాలి తక్కువగా ఉన్న వేళ, విశాలమైన మైదానంలోనే ప్రయోగించాలి.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతం

రంగారెడ్డి జిల్లాలోని ఈ మండలాలలో విశాలమైన పొలాలు ఉన్నాయి. అయితే 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయం ఇదే జిల్లాలో ఉన్నందున, అధికారుల అనుమతి లేనిదే ప్రయోగించరాదు. తుపాకిమందు తయారీ 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం పరిధిలోనిది. ఇంట్లో మందు కలపడం ప్రాణాంతకం. విద్యార్థులు పెద్దల పర్యవేక్షణలో ముందుగా ఒకే దశ రాకెట్టుతో అభ్యసించడం శ్రేయస్కరం.