మిరప ముడత వైరస్ పుట్టుపూర్వోత్తరాలు

మిరప మన నేలలో పుట్టిన మొక్క కాదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు దీనిని అమెరికా ఖండాలనుంచి భారతదేశానికి చేర్చాయి. అయితే తెలుగు రైతులు బొబ్బర తెగులనీ ఆకుముడతనీ, ఇటీవల జెమిని వైరస్ అనీ పిలుస్తున్న వ్యాధి మిరపతో కలిసి సముద్రం దాటి రాలేదనీ, ఇక్కడి మొక్కలమీద బతుకుతున్న వైరస్‌లే ఈ వలస పంటకు అలవాటుపడ్డాయనీ జన్యు అధ్యయనాలు సూచిస్తున్నాయి.

తెగులు సోకిన మొక్కలో లేత ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, అంచులు పైకి ముడుచుకొని దొన్నెల్లా కనిపిస్తాయి. దీనికి కారణమైన వైరస్ రేణువులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో రెండేసి అతుక్కొని ఉంటాయి కనుక, కవలలు అనే అర్థంలో ఆ కుటుంబానికి జెమిని అన్న పేరు వచ్చింది. దీని జన్యుపదార్థం సుమారు 2,700 న్యూక్లియోటైడ్ల, అంటే డీఎన్ఏ అక్షరాల, ఒంటిపోగు వలయం. దానికి తోడుగా తరచు అందులో సగం పొడవున్న బీటా ఉపగ్రహమనే మరో డీఎన్ఏ వలయం ఉండి, మొక్క ఆత్మరక్షణను అణచివేసే ప్రోటీనును తయారుచేస్తుంది. ఈ జంటను తోటనుంచి తోటకు మోసేది తెల్లదోమ. అమెరికా ఖండాల్లోని దీని దాయాది వైరస్‌లలో ఎక్కువ వాటి జన్యుపదార్థం రెండు ముక్కలుగా ఉండగా, బీటా ఉపగ్రహాలు ప్రధానంగా ఆసియా, ఆఫ్రికా దేశాల్లోనే కనిపించడం ఈ తెగులు స్థానికమైనదనడానికి బలమైన ఆధారం.

ఈ పరిశోధనలో బెంగళూరుకు ప్రత్యేక స్థానముంది. మిరపకు దగ్గరి చుట్టమైన టమాటాను పట్టే ఒక ముడత వైరస్ ఈ నగరం పేరుతోనే ‘టమాటా ఆకుముడత బెంగళూరు వైరస్’గా శాస్త్రగ్రంథాలకెక్కింది. 1999లో సమీపంలోని కోలారులో తెల్లదోమలోని విదేశీ బి-రకం బయటపడి టమాటా తోటలను దెబ్బతీసినప్పుడు, వైరస్‌తోపాటు దాన్ని మోసే పురుగు వంశాన్నీ పరిశీలించవలసిన అవసరం తెలిసివచ్చింది. ఒకే మొక్కలో రెండు వైరస్‌లు చేరినప్పుడు డీఎన్ఏ ముక్కలను మార్చుకొని కొత్త రూపాలు పుట్టిస్తాయి కాబట్టి, మొత్తం డీఎన్ఏ క్రమంలో పోలిక 91 శాతానికి తగ్గితేనే కొత్త జాతిగా లెక్కించాలని శాస్త్రజ్ఞులు నిర్ణయించుకున్నారు.

ఆకు ముడుచుకున్నాక ఏ మందూ వైరస్‌ను తొలగించలేదు. 1967లో ఏర్పడిన, బెంగళూరు శివారు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క తేజస్వి, అర్క యశస్వి వంటి తెగులును తట్టుకొనే మిరప సంకర రకాలను రూపొందించడానికి కారణం ఇదే. తన రూపాన్ని మార్చుకుంటూ పోయే వైరస్‌కు మందుడబ్బాలో కాక విత్తనంలోనే సమాధానం వెతకడం సరైన దారి.