విశ్వవిద్యాలయం మైకు, వినుకొండ రేడియో

మన దేశంలో విశ్వవిద్యాలయాలు సొంతంగా రేడియో నడుపుకోవడానికి ప్రభుత్వం తలుపు తెరిచింది 2002 డిసెంబరులో. పల్నాటిలోని వినుకొండ రైతు మాత్రం అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే విశ్వవిద్యాలయం మాట రేడియోలో వింటున్నాడు. సొంత రేడియో లేనప్పుడు విశ్వవిద్యాలయం మాట జిల్లాలు దాటి వెళ్లింది. సొంత రేడియో చేతికొచ్చాక పది, పదిహేను కిలోమీటర్ల దగ్గర ఆగిపోతోంది. తెలుగునాట విద్యా ప్రసారాల చరిత్రంతా ఈ తిరకాసు చుట్టూనే తిరుగుతుంది.

అమెరికాలో కథ వేరుగా నడిచింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎర్ల్ టెర్రీ తన విద్యార్థులను వెంటబెట్టుకుని, రేడియో వాల్వులు కూడా ప్రయోగశాలలోనే తయారు చేసుకుంటూ 9ఎక్స్‌ఎం అనే కేంద్రాన్ని నిలబెట్టాడు. 1921 నుంచి అది రోజూ వాతావరణ సూచనలు చదివి వినిపించింది. ఆ వెనకే మార్కెట్ ధరలు వచ్చాయి. 1922లో డబ్ల్యూహెచ్ఏగా పేరు మార్చుకుని, 1931లో బడి పిల్లలకు పాఠాలు మొదలుపెట్టింది. ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయం రాష్ట్రంలోని రైతుకు జవాబుదారీ అన్న ఆలోచన మీదే ఆ కేంద్రం పెరిగింది.

మన దగ్గర అలాంటి ఉత్సాహం లేక కాదు. మైసూరు విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పిన ఎం.వి. గోపాలస్వామి 1935లో తన ఇంట్లోనే ట్రాన్స్‌మిటర్ పెట్టి ప్రసారాలు మొదలుపెట్టారు. దానికి పెట్టుకున్న పేరు ఆకాశవాణి. కొన్నేళ్లకు మైసూరు సంస్థానం ఆ కేంద్రాన్ని తీసుకుంది, 1950లలో దేశం మొత్తం ఆ పేరును తీసుకుంది. ఆచార్యుడు మొదలుపెట్టినది చివరికి ప్రభుత్వ శాఖలో కలిసింది.

తెలుగు మాట మొదట మద్రాసు నుంచి వినబడింది. 1938 జూన్ 16న అక్కడ ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. వినుకొండకూ ఆ కేంద్రానికీ ఒక బంధం ఉంది. 1895లో ఈ ఊళ్లో పుట్టిన గుర్రం జాషువా 1950ల చివర మద్రాసు కేంద్రంలో కార్యక్రమ నిర్వాహకుడిగా పనిచేశారు. పల్నాటి వైపు రేడియో సొంత కేంద్రంలా వినబడింది మాత్రం 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక. పంచాయతీ ఆఫీసులో ఒక సెట్టు, బయట స్తంభానికి ఒక లౌడ్‌స్పీకరు, సాయంత్రం దాని కింద పది మంది. చాలా ఊళ్లలో రేడియో అంటే అంతే. ఇంట్లో సెట్టు పెట్టుకోవాలంటే అప్పట్లో పోస్టాఫీసులో లైసెన్సు ఫీజు కట్టాల్సి వచ్చేది.

గుంటూరు కాలేజీల అధ్యాపకులు, వాల్తేరు ఆచార్యులు, గుంటూరు పక్కనున్న లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ప్రసంగానికి విజయవాడ వెళ్లేవారు. ముందు కాంట్రాక్టు కాగితం వచ్చేది. రాతప్రతి ముందే పంపాలి. స్టూడియోలో ఎర్ర లైటు వెలిగాక ఆ కాగితం చూసి చదవాలి, కాగితం చప్పుడు మైకులో పడకూడదు, గడియారం ముల్లు దాటకూడదు. జ్ఞానం విశ్వవిద్యాలయానిది, మైకు ప్రభుత్వానిది. ఏం చెప్పాలో, ఎంతసేపు చెప్పాలో, ఏ వేళకు చెప్పాలో మైకు ఉన్నవారే తేల్చేవారు.

ఆ ఏర్పాటు వల్ల మేలూ జరిగింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1966లో ఆకాశవాణి కొన్ని కేంద్రాల్లో రైతుల కోసం ప్రత్యేక విభాగాలు మొదలుపెట్టి, తర్వాత మిగతా కేంద్రాలకూ విస్తరించింది. తంజావూరు వైపు రేడియోలో విని వేసిన ఏడీటీ-27 రకానికి రైతులు రేడియో వరి అని పేరు పెట్టేశారు. రేడియో వ్యవసాయ పాఠశాలల్లో రైతులు పేర్లు నమోదు చేసుకుని వరుసగా పాఠాలు విన్నారు, సందేహాలు కార్డు ముక్క మీద రాసి పంపారు. విజయవాడ మీడియం వేవ్ వినుకొండ మెట్ట పొలాల దాకా అందేది గనుక, మిరపతోటలో కలుపు తీస్తూనే లాం శాస్త్రవేత్త మాట వినే వీలుండేది.

అయితే మాట వినబడినంత మాత్రాన చేలో పని జరగదని పత్తి నేర్పింది. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం పత్తి చేలను తెల్లదోమ ముంచింది, ఆపైన శనగపచ్చ పురుగు పట్టింది. సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులు అతిగా కొట్టడం కూడా అందుకు ఒక కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. 1987-88లో ఈ రెండు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటికీ తెలిశాయి. మందులు తగ్గించమని చెప్పే గొంతు రేడియోలో ఉంది. ఇంకో రకం కొట్టి చూడమనే గొంతు పురుగుమందుల కొట్టులో ఉంది. కొట్టులో ఉన్న మనిషి తెంపుకొచ్చిన ఆకు చూసి అప్పటికప్పుడే జవాబు చెబుతాడు, మందు అప్పు మీద ఇస్తాడు. కార్డు ముక్కకు జవాబు వచ్చేలోగా పురుగు చేను దాటిపోతుంది. రైతు గొంతు వినలేకపోవడమే రేడియోకున్న పెద్ద లోపం.

దూరవిద్యలోనూ పాఠం విశ్వవిద్యాలయానిది, మైకు ప్రభుత్వానిది అన్న పద్ధతే సాగింది. 1982లో హైదరాబాదులో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో అలాంటి వాటిలో మొదటిది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మీద ఉంది. కాలేజీకి వెళ్లలేని విద్యార్థి పుస్తకం ముందు పెట్టుకుని ఆకాశవాణిలో పాఠం వినేవాడు. దాని మొదటి ఉపకులపతి జి. రామ్‌రెడ్డే 1985లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయ్యారు. ఆ విశ్వవిద్యాలయం 2001లో అలహాబాదులో జ్ఞానవాణి ఎఫ్ఎం మొదలుపెట్టి, హైదరాబాదు, విశాఖపట్నాలకూ తెచ్చింది. కార్యక్రమాలు విశ్వవిద్యాలయానివైనా ప్రసారానికి ఆకాశవాణి మీదే ఆధారపడాలి. ఆ చెల్లింపుల చిక్కుతో 2014లో ప్రసారాలు ఆగి, కొంతకాలానికి గానీ తిరిగి మొదలు కాలేదు.

మైకు ప్రభుత్వం చేతిలోనే ఉన్నా, గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9నే తేల్చింది. క్రికెట్ ప్రసార హక్కుల మీద వచ్చిన కేసు అది. ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విడిగా తీర్పు రాశారు. ఆ తీర్పు కాగితం మీదే ఉండిపోకుండా గట్టిగా పట్టుకున్నవారు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ప్రాంత దళిత మహిళలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆ సేద్యగత్తెలు లైసెన్సు లేని కాలమంతా తమ కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. 2000లో అక్కడి నుంచే సామాజిక రేడియో కావాలన్న ప్రకటన వెలువడింది.

ప్రభుత్వం 2002లో విద్యాసంస్థలకు మాత్రమే తలుపు తెరిచింది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం దేశంలో మొదటి క్యాంపస్ రేడియో మొదలుపెట్టింది. 2006 నవంబరు విధానంతో స్వచ్ఛంద సంస్థలకు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు కూడా అర్హత దక్కింది. 2008 అక్టోబరు 15న పస్తాపూర్ ప్రాంత మహిళల సంఘం రేడియో గాలిలోకి ఎక్కింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం బోల్ హైదరాబాద్‌ను, భీమవరంలో విష్ణు మహిళా ఇంజనీరింగ్ కళాశాల రేడియో విష్ణును నడిపాయి. మూడింటి ఫ్రీక్వెన్సీ 90.4 మెగాహెర్ట్జే. స్వభావాలు మాత్రం వేరు. సంఘం రేడియోలో చిరుధాన్యాల విత్తనం ఎలా దాచాలో దాచిన మనిషే చెబుతుంది. క్యాంపస్ రేడియోలో విద్యార్థి చుట్టుపక్కల బస్తీకో, పల్లెకో మైకు పట్టుకెళ్లి, అక్కడి మాటను స్టూడియోకు తెస్తాడు. ముందే పంపిన రాతప్రతి అక్కరలేని రేడియో ఇది.

ఇంత మార్పు వచ్చినా వినుకొండకు దక్కిందేమీ లేదు. సామాజిక రేడియోకు అనుమతించిన ప్రసార శక్తి 100 వాట్లు, స్తంభం ఎత్తు 30 మీటర్ల లోపు. విజయవాడ మీడియం వేవ్ ట్రాన్స్‌మిటరు 100 కిలోవాట్లు. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో గుంటూరు పక్కన లాంలోనే ఉంది. అక్కడ సామాజిక రేడియో పెట్టినా వినుకొండకు వినబడదు. మరోవైపు ఇంట్లో సెట్టు పోయి చేతికి ఫోన్ వచ్చింది, ఫోన్‌కు మీడియం వేవ్ అందదు. విజయవాడను వినాలంటే యాప్ తెరవాలి.

రైతుకు దగ్గరగా ఉండే రేడియో అవసరం 2021-22లో కళ్లకు కట్టింది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం మిరపతోటల్లో నల్ల తామర పురుగు పడింది. ఇది పువ్వులోకి దూరి కూర్చుంటుంది. పువ్వు దులిపితే అరచేతిలో నల్లని నలుసులు కదులుతాయి. అప్పటికే పూత రాలిపోతుంటుంది. నీలిరంగు జిగురు అట్టలు కట్టండి, యూరియా తగ్గించండి, మందు మీద మందు కొట్టొద్దు అని శాస్త్రవేత్తలు చెప్పారు. ఇలాంటి మాట పూత దశలోనే అందాలి. ఆ తోటవాడు ఎదురు ప్రశ్న వేస్తే అదే రోజు జవాబు రావాలి. చాలా గ్రామాలకు అది వాట్సాప్‌లో, ఎవరెవరి సలహాలతోనో కలగాపులగంగా చేరింది.

అందుకే విశ్వవిద్యాలయం రేడియో విశ్వవిద్యాలయం గోడల లోపలే ఉండాలన్న లెక్క మారాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి జిల్లాల్లో పరిశోధన కేంద్రాలున్నాయి, కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. వాటికి అర్హత 2006 నుంచే ఉంది. వినుకొండ లాంటి మార్కెట్ ఊరిలో చిన్న స్టూడియో, లాం నుంచి రోజూ ఒక శాస్త్రవేత్త, ఎదురుగా ప్రశ్నలడిగే రైతులు ఉంటే చాలు, మిగతా ఖర్చంతా ట్రాన్స్‌మిటరుదే. గంటకు ఇన్ని నిమిషాలని ప్రకటనలకూ అనుమతి ఉంది. ఒక్క జాగ్రత్త మాత్రం ముందే రాసుకోవాలి: ఆ ప్రకటనలు పురుగుమందుల కంపెనీలవి కాకూడదు. అవే అయితే 1987లో కొట్టులో వినబడిన గొంతే విశ్వవిద్యాలయం మైకులోనూ వినబడుతుంది.