తూము, గడియ, గణితం: జలప్రవాహ గణనకు తెలుగునాట ఆధారాలు

తెలుగులో ‘తూము’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. చెరువుకట్ట అడుగున నీటిని బయటికి వదిలే రంధ్రం ఒకటి, నాలుగు కుంచాల ధాన్యపు కొలత మరొకటి. ఇరవై తూములు ఒక పుట్టి. శాసనాలలో భూమిని సైతం విత్తనపు తూములతో కొలిచారు. ధాన్యపు తూము ఎన్నిసార్లు నింపినా అంతే పడుతుంది. చెరువు తూము అలా కాదు: నిండు చెరువులో ఒక తీరుగా, అడుగంటిన చెరువులో మరొక తీరుగా పారుతుంది. ఈ భేదాన్ని మన గణిత గ్రంథాలు ఎంతవరకు పట్టించుకున్నాయన్నది ఈ వ్యాసంలో ప్రధాన ప్రశ్న.

పావులూరి మల్లన తెనిగించిన సారసంగ్రహ గణితానికి మూలం మహావీరాచార్యుని గణితసారసంగ్రహం. తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఆ మూలంలో వాపిని నాళాలతో నింపే లెక్కలున్నాయి. 1150 నాటి లీలావతిలోనూ ఇటువంటిదే ఒకటుంది. నాలుగు ఊటలు విడివిడిగా ఒక దినంలో, అర దినంలో, మూడోవంతులో, ఆరోవంతులో వాపిని నింపుతాయి. అన్నీ కలిసి ఎంతసేపట్లో నింపుతాయి? ఒకటి, రెండు, మూడు, ఆరు కలిపితే పన్నెండు. కనుక దినంలో పన్నెండవ వంతు, అంటే అయిదు గడియలు. పైనుంచి పడే ధారకు ఈ లెక్క సరిపోతుంది. వాపిలో మట్టం పెరిగినంత మాత్రాన ఆ ధార తగ్గదు. చిక్కు ఎక్కడంటే, ఇదే సూత్రాన్ని ఖాళీ అయ్యే తొట్టికి కూడా వర్తింపజేయడంలో. అడుగు చిల్లు ఇన్ని గంటలలో తొట్టిని ఖాళీ చేస్తుందంటూ, ఆ వేగం ఆద్యంతం సమానమేనని భావించే లెక్కలు నేటి పాఠ్యపుస్తకాలలోనూ సాగుతున్నాయి.

రంధ్రంనుంచి వెలువడే నీటి వేగం పైనున్న నీటి ఎత్తుకు వర్గమూలంగా మారుతుందని 1644లో టోరిసెల్లీ ప్రకటించాడు. తూము మధ్యభాగంపై నాలుగు మీటర్ల నీరుంటే సిద్ధాంతరీత్యా వేగం సెకనుకు సుమారు 8.9 మీటర్లు, ఒక మీటరే ఉంటే 4.4. ఎత్తు నాలుగోవంతుకు పడితే వేగం సగమే పడుతుంది. ఇరవై సెంటీమీటర్ల వ్యాసం గల రంధ్రంలో ధార సంకోచాన్ని కూడా లెక్కించి గుణకం 0.6గా తీసుకుంటే, మొదట సెకనుకు దాదాపు 167 లీటర్లు, తరువాత 83 లీటర్లు వస్తాయి. నిటారు గోడల తొట్టి మొదటి వేగంతోనే పారితే పట్టే కాలానికి, నిజంగా ఖాళీ కావడానికి పట్టే కాలం సరిగ్గా రెట్టింపు. చెరువు గర్భం తొట్టి కాదు, పళ్లెం. లోతుతోపాటు నీటి వైశాల్యమూ అదే నిష్పత్తిలో కుంచించుకుపోతుందనుకుంటే ఆ రెట్టింపు నాలుగు మూడోవంతులకు దిగుతుంది.

కాలమానంలో ఈ సమస్య ముందే ఎదురైంది. అర్థశాస్త్రంలోని నాళిక కారే కుండ. నాలుగు మాషాల బంగారంతో నాలుగు అంగుళాల పొడవున తీసిన తీగ పట్టేంత రంధ్రంలోంచి ఆఢకం నీరు కారే కాలమే అందులో ప్రమాణం. మొత్తం కారడాన్నే లెక్కించారు కనుక మధ్యలో వేగం తగ్గినా దోషం లేదు; కాని నీరు సగానికి దిగినప్పుడు అర నాళిక అయిందనలేము. సూర్యసిద్ధాంతం చెప్పేది మునిగే రాగి గిన్నె, మనవారి గడియకుడుక. అహోరాత్రంలో అది అరవైసార్లు మునగాలి. గోడలు నిటారుగా ఉన్న గిన్నెలో లోపలి, వెలుపలి మట్టాల మధ్య తేడా గిన్నె బరువును బట్టి స్థిరపడుతుంది. నీరు చేరినకొద్దీ గిన్నె దిగుతుంది, తేడా మారదు, ధారా మారదు. వర్గమూలం జోలికి వెళ్లకుండానే సమప్రవాహాన్ని సాధించిన సాధనమిది. గుండ్రని అడుగున్న గిన్నెలో ఈ సమత్వం కొంత సడలుతుంది. ‘గడియారం’ అన్న మాటలో మనకు మిగిలింది ఈ గిన్నె పేరే.

చెరువుల విషయంలో గణిత గ్రంథాలకంటె శాసనాలే ఎక్కువ చెబుతాయి. కడప సీమలోని పోరుమామిళ్ల సంస్కృత శాసనం (1369) తటాకానికి పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను పేర్కొంటుంది. సాధనాలలో జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడున్నాడు. దోషాలలో రెండు ఇక్కడ గమనార్హం: నీరు స్వల్పమై సాగుభూమి విస్తారం కావడం, భూమి స్వల్పమై నీరు అధికం కావడం. వాటిలో సంఖ్యలు లేకపోయినా, నిల్వకూ ఆయకట్టుకూ పొంతన కుదరాలన్న స్పష్టమైన నియమముంది. సాహిత్య చరిత్రకారులు ఈ భాగాన్ని ధర్మశాస్త్రపు జాబితాగా చదివి వదిలేయడం నా దృష్టిలో తొందరపాటు.

కాకతీయుల సీమలో ఇదే జ్ఞానం రాతిలోనూ మనిషిలోనూ నిలిచింది. గణపతిదేవుని కాలంలో రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేట గుడి కట్టించాడు. పక్కనే రామప్ప చెరువు. గణపురంలో గణపసముద్రం, బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు ఆ వరుసలోవే. గణపురానికి దూరం కాని మొగుళ్లపల్లి ప్రాంతంలో చెరువు నిండితే ‘మత్తడి దుంకుతుంది’ అంటారు. మత్తడిపై నీరు ఎత్తుకు ఒకటిన్నర ఘాతంగా పెరుగుతుంది కనుక మట్టం కాస్త లేచినా ఉరవడి బాగా హెచ్చుతుంది; ఆ క్రియాపదం వట్టి అలంకారం కాదు. పొంగిపొర్లే నీటికి ఇంత చురుకైన మాటున్న చోట, తూము ధార క్రమంగా సన్నగిల్లడం నీరటి చేతిలో ఉండేది. నిండు చెరువులో అతడు బిరడాను కొద్దిగా ఎత్తేవాడు, నీరు తగ్గినకొద్దీ మరింత లేపేవాడు. కొన్ని పాత తూములలో వేర్వేరు ఎత్తులలో రంధ్రాలుంటాయి. పై రంధ్రం తేలినప్పుడు కింది రంధ్రాన్ని తెరిస్తే, ఏ సమయంలోనైనా తెరిచిన రంధ్రంపై నీటి ఎత్తు మితంగానే ఉంటుంది, ధారలో హెచ్చుతగ్గులు తగ్గుతాయి. గడియకుడుక సాధించినదాన్నే ఈ అమరిక మరో దారిలో సాధించింది.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడికతీతతోపాటు తూముల మరమ్మతు కూడా సాగింది. మర తిప్పే ఇనుప తలుపు వచ్చిన చోట బిరడా మూలన పడుతుంది. దానితోపాటు బిరడాను ఎంత ఎత్తాలో చెప్పే నీరటి కొలమాటలు కూడా వాడుకనుంచి జారిపోతాయి. పావులూరి పరిభాషను పరిష్కరించే పండితులు వృత్తిపదకోశాల సేకరణలో నీరటిని కూడా ఒక ఆకరంగా గ్రహించవలసి ఉంది.