ముల్లు వెనక్కి జరిపి నేర్చుకున్న పాటలు

1957లో బ్రిటన్‌లో బెర్ట్ వీడన్ అనే గిటారిస్టు ఒక చిన్న పుస్తకం వేశాడు. పేరు ‘ప్లే ఇన్ ఎ డే’. ఒక్కరోజులో గిటారు ఎవరికీ రాలేదు గానీ ఎరిక్ క్లాప్టన్, జార్జ్ హారిసన్, బ్రయాన్ మే లాంటివాళ్లు తొలి పాఠాలు దిద్దుకున్నది దాని మీదే. గిటారు ఎలా పట్టుకోవాలి, ఎలా శ్రుతి చేయాలి, కార్డ్‌లకు వేళ్లు ఏ మెట్టు మీద ఆనించాలి అన్నంతవరకు ఆ పుస్తకం చెప్పింది. రేడియోలో తమను కుదిపేసిన పాటను ఉన్నదున్నట్టు వాయించడం ఎలాగో మాత్రం అప్పట్లో ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు. దుకాణాల్లో అమ్మే అచ్చు స్వరాలు చాలావరకు పియానో వాళ్ల కోసం రాసినవి. పాట అసలు శ్రుతిని కూడా పియానోకు వీలుగా మార్చేసేవారు.

అంతకు ముందు ఏడాది లానీ డొనెగన్ పాడిన ‘రాక్ ఐలండ్ లైన్’ బ్రిటన్‌ను ఊపేసింది. చవక గిటారొకటి, మూడు కార్డ్‌లు ఉంటే చాలు, ఆ తరహా పాట ఎవరైనా కట్టొచ్చు. ఊరూరా కుర్రాళ్లు జట్లు కట్టారు. లివర్‌పూల్‌లో జాన్ లెనన్‌కు తొలి కార్డ్‌లు నేర్పింది తల్లి జూలియా. ఆమెకు వచ్చింది బాంజో. అందుకే పాల్ మెకార్ట్నీ పరిచయమయ్యే నాటికి లెనన్ గిటారు మీద బాంజో కార్డ్‌లే వాయిస్తున్నాడు. నగరం అవతల ఎవరికో బీ7 కార్డ్ తెలుసని విని, బస్సెక్కి వెళ్లి నేర్చుకొచ్చిన సంగతి మెకార్ట్నీ చాలాసార్లు చెప్పాడు. ‘ఈ’, ‘ఏ’ కార్డ్‌లు అప్పటికే వచ్చు. బీ7 చేతికొస్తే ‘ఈ’ శ్రుతిలో ఉన్న రాక్ అండ్ రోల్ పాటలు సగం వచ్చేసినట్టే. విద్య అలా మనిషి నుంచి మనిషికి, ఒక్కో కార్డ్‌గా చేరింది.

మిగతాదంతా రికార్డే నేర్పింది. అప్పటి రికార్డు ప్లేయర్లలో చాలావాటికి 78, 45, 33, 16 అని నాలుగు వేగాలు ఉండేవి. 33 రికార్డును 16 మీద పెడితే వేగం సగానికి పడిపోతుంది, స్వరాలు సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతాయి. తారస్థాయిలో గిర్రున తిరిగిపోయిన సోలో, అదే శ్రుతిలో, మంద్రంగా, నింపాదిగా వినిపిస్తుంది. గిటారును మళ్లీ శ్రుతి చేయనక్కర్లేదు. 45 రికార్డును 33 మీద పెడితే ఆ వీలు లేదు. స్వరం అటూ ఇటూ కాని చోట ఆగిపోతుంది. అందుకని సింగిల్స్ కంటే ఎల్పీలే మంచి గురువులయ్యాయి. ముల్లు ఎత్తడం, నాలుగు గాళ్లు వెనక్కి పెట్టడం, వినడం, తీగ మీద వెతకడం, మళ్లీ ఎత్తడం. రికార్డు గీతలు పడి పాడైపోయేదాకా ఇదే పని.

చెవితో నేర్చుకోవడంలో పొరపాట్లు తప్పవు. నా దృష్టిలో రాక్ గిటారుకు అంత వైవిధ్యం రావడానికి ఆ పొరపాట్లూ ఒక కారణం. అయితే కొన్ని చిక్కుముడులు మాత్రం ఎంత విన్నా విడిపోయేవి కావు. రోలింగ్ స్టోన్స్ ‘హాంకీ టాంక్ విమెన్’ (1969), ‘బ్రౌన్ షుగర్’ (1971) పాటల్ని మామూలు శ్రుతిలో వాయించబోయినవాళ్లకు స్వరాలన్నీ సరిపోయినా ఆ మోత రాలేదు. ఆ బృందం గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఆరో తీగ తీసేసి, మిగిలిన ఐదింటినీ జీ, డీ, జీ, బీ, డీ స్వరాలకు శ్రుతి చేశాడు. ఏ మెట్టూ నొక్కకుండా మీటినా ఒక పూర్తి కార్డ్ మోగుతుంది. ఇక రెండు వేళ్లు ఆనించి తీయడంలోనే ఆ పాటల నడకంతా ఉంది. ఈ గుట్టు తెలియనివాడు గంటల తరబడి కూర్చున్నా ఫలితం ఉండదు.

బీటిల్స్ పాట ‘ఎ హార్డ్ డేస్ నైట్’ (1964) మొదట్లో ఒక్కసారి మోగే కార్డ్ కథ ఇంకా పెద్దది. అదేమిటన్న వాదన దశాబ్దాల పాటు తెగలేదు. 2001లో అభిమానులు అడిగితే హారిసన్ తన పన్నెండు తీగల గిటారు మీద వాయించిందేమిటో చెప్పి, బేస్ స్వరం సంగతి పాల్‌ను అడగమన్నాడు. కెనడాలో డల్‌హౌసీ విశ్వవిద్యాలయ గణిత ఆచార్యుడు జేసన్ బ్రౌన్ ఆ శబ్దాన్ని ఫోరియర్ పద్ధతిలో విడదీసి, అందులో బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ పియానో కూడా ఉందని తేల్చాడు. ఒక్క గిటారుతో దాన్ని పూర్తిగా రప్పించాలని ఏళ్ల తరబడి తంటాలు పడినవాళ్ల తప్పేమీ లేదన్నమాట.

చెవి పడే ఈ శ్రమను తగ్గించింది ట్యాబ్. ఆరు తీగలకు ఆరు గీతలు, గీత మీద అంకె వేస్తే ఆ మెట్టు. రాక్ కోసం పుట్టిన పద్ధతి కాదిది. 1507లోనే వెనిస్‌లో పెట్రూచీ ల్యూట్ వాద్యానికి ఇలాంటి పుస్తకం అచ్చువేశాడు. రాక్‌లోకి ఇది జోరుగా వచ్చింది మాత్రం 1980లలో, ‘గిటార్ వరల్డ్’ లాంటి పత్రికలతో. పాటను విని కాగితం మీద పెట్టడం అప్పుడొక వృత్తిగా నిలబడింది. స్టీవ్ వై అనే కుర్రాడు ఫ్రాంక్ జప్పా దగ్గర మొదట చేసిన ఉద్యోగం అదే. అతను రాసిపెట్టిన సోలోలతో 1982లో ‘ది ఫ్రాంక్ జప్పా గిటార్ బుక్’ వచ్చింది.

ట్యాబ్ వేలికి చోటు చూపిస్తుంది. ఆ చోట తీగను ఎంత లాగాలి, ఎంత నెమ్మదిగా వదలాలి అన్నది ఒక బాణం గుర్తులో ఇమడదు. మనవాళ్లకు ఇది బాగా తెలిసిన ఇబ్బందే. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో తెలుగులో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో కంపితం, స్ఫురితం, నొక్కు, జారు వంటి గమకాలకు విడివిడిగా గుర్తులు పెట్టాడు. అంత శ్రద్ధగా రాసినదాన్ని కూడా గురువు పక్కన లేకుండా పలికించడం కష్టం. వీణ మీద మెట్టు దగ్గర తీగ లాగడం, గిటారు మీద బెండ్ చేయడం చేతికి ఒకే పని.

‘స్మోక్ ఆన్ ద వాటర్’ (1972) రిఫ్‌నే చూడండి. నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది దాన్ని లావు తీగ ఒక్కదాని మీదో, పవర్ కార్డ్‌లతోనో వాయిస్తారు. ఆ పాట గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ వాయించింది నడిమి తీగలు రెండింటి మీద, మీటుపలక లేకుండా, వేళ్లతో రెండూ ఒకేసారి లాగి. మీటుపలకతో గీస్తే ఒక తీగ వెనుక ఇంకో తీగ మోగుతుంది. వేళ్లతో లాగితే రెండు స్వరాలూ ఒకే క్షణంలో పుడతాయి. ఆ రిఫ్‌లోని బరువు అక్కడిదే. ట్యాబ్‌లో రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉంటాయంతే.

1992లో లాస్ వేగస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయం కంప్యూటర్లలో ఓల్గా అనే ట్యాబ్‌ల భాండాగారం మొదలైంది. విన్నవాళ్లు విన్నట్టు రాసి పంచుకునేవారు. సంగీత ప్రచురణకర్తలు హక్కుల పేరుతో అడ్డుపడ్డారు. 1996లో విశ్వవిద్యాలయం దాన్ని తీసేసింది; వేరే చోట్ల నడిచి 2006లో పూర్తిగా మూతపడింది. పాట రాసినవాళ్లకు డబ్బు రావాలన్న వాదన న్యాయమైనదే. కానీ ఒకడు కష్టపడి విని తెలుసుకున్నది ఇంకొకడికి చెప్పడమే ఈ విద్యకు ప్రాణం. బస్సెక్కి బీ7 కోసం వెళ్లిన రోజుల్లోనూ జరిగింది అదే. అనుమతులు తీసుకుని నడిచే సైట్లు వచ్చాక ఆ గొడవ సద్దుమణిగింది.

ఇప్పుడు స్వరం మారకుండా వేగం సగం చేయడం ఫోన్‌లో ఒక్క నొక్కుతో అయ్యే పని. 2019లో డీజర్ సంస్థ ఉచితంగా విడుదల చేసిన స్ప్లీటర్, పాటలోంచి గొంతును, డ్రమ్స్‌ను, బేస్‌ను వేరు చేసి ఇస్తుంది. ఈ సౌకర్యాలు వద్దనే మాట నేను అనను. ముందు నాలుగుసార్లు విని, తీగ మీద వెతికి, ఆ తర్వాతే ట్యాబ్ తెరవమంటాను. అలా చేసినవాడికి ఆ అంకెల్లో తప్పెక్కడుందో కూడా కనిపిస్తుంది. 2021లో వచ్చిన ‘గెట్ బ్యాక్’ డాక్యుమెంటరీలో 1969 జనవరి నాటి బీటిల్స్ సాధన ఎనిమిది గంటల దాకా ఉంది. పాటలు తయారవుతుండగా లెనన్, హారిసన్‌ల ఎడమచేతి వేళ్లు ఏ మెట్టు మీద ఉన్నాయో చాలాచోట్ల స్పష్టంగా తెలుస్తుంది. అచ్చయిన ట్యాబ్‌ను పక్కన పెట్టుకుని, బొమ్మ ఆపి ఆపి దిద్దుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం ఇప్పటికి లేదు.