కథలో చుక్క

‘కథ’ను ‘కధ’ అని రాసేవాళ్ళను చూస్తే నాకూ చిరాకే. కానీ ఆ చుక్కని పోగొట్టిన పాపం నేనూ ఒకసారి చేశాను. పెన్నుతో కాదు, ఎండతో.

మాది ఆదోని. మా మేనమామకి అక్కడ చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపు ఉండేది. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, బట్టల కొట్లకి చేతిసంచులు కొట్టేవాడు. నేను ఇంటర్లో ఉన్నప్పుడు, సంక్రాంతికి జరిగే ఎమ్మిగనూరు జాతర ముందు, ఆ ఊరి కొట్టు ఒకటి రెండు వందల గుడ్డ సంచులకి ఆర్డరిచ్చింది. సంచి మీద ‘శ్రీ నీలకంఠేశ్వరస్వామి రథోత్సవ శుభాకాంక్షలు’ అని, కింద కొట్టు పేరు. మామ ఊళ్ళో లేడు. స్క్రీన్ నేనే తయారుచేశాను, సంచులూ నేనే కొట్టాను. తీసుకెళ్ళి ఇస్తే కొట్టాయన ఒక్క సంచి చూసి, మిగతా కట్టలు విప్పకుండానే వెనక్కి తోశాడు. ‘నీలకంరేశ్వరస్వామి రధోత్సవ’ అని పడింది.

“దేవుని పేరే తప్పు కొట్టినారు, నాకొద్దప్పా” అన్నాడు.

కంపోజింగ్‌లో తప్పు లేదు. ఫైల్లో ‘ఠ’ ఉంది, ‘థ’ ఉంది. తప్పు కంప్యూటర్‌కీ సంచికీ మధ్య ఎక్కడో జరిగింది.

ఈ పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఫ్రేముకి బిగించిన సన్నటి జల్లెడలాంటి గుడ్డ మీద, వెలుతురు తగలని గదిలో ఎమల్షన్ పూసి ఆరబెడతారు. దాని మీద ఫిల్మ్ పెట్టి, పైన అద్దం పెట్టి, ఎండకో లైటుకో చూపిస్తారు. వెలుతురు తగిలినచోట ఎమల్షన్ గట్టిపడుతుంది. ఫిల్మ్ మీది నల్లటి అక్షరం కింద మాత్రం మెత్తగానే ఉండి, నీళ్ళు కొడితే కొట్టుకుపోతుంది. ఆ ఖాళీలోంచి స్క్వీజీతో ఇంకు లాగితే అక్షరం పడుతుంది. కాబట్టి స్క్రీన్ తయారీలో తప్పులు చాలావరకు రెండే రకాలు. గట్టిపడాల్సింది గట్టిపడకపోవడం, గట్టిపడకూడనిది గట్టిపడటం.

మన లిపిలో ఈ రెండూ స్పెల్లింగుని మార్చేస్తాయి. అద్దం మీద దుమ్ము రేణువు ఉంటే దాని కింద వెలుతురు పడదు, అక్కడ సూదిబెజ్జమంత రంధ్రం మిగులుతుంది. అది ‘ర’ కడుపులో పడితే ‘ఠ’ అవుతుంది. వెలుతురు ఎక్కువైతే ‘థ’లో ముందు చుక్క మూసుకుపోయి ‘ధ’ అవుతుంది. ఇంకా ఎక్కువైతే కింది గీతా పోయి ‘ద’ మిగులుతుంది. ఆదోనిలో ఉర్దూ శుభలేఖలూ కొట్టాలి. అక్కడ ఇంకా కష్టం. కింద ఒక చుక్క ఉంటే బే, మూడుంటే పే, పైన రెండుంటే తే. దుమ్ముకి ఏ భాషా రాదు, అన్ని భాషల్లోనూ తప్పులు రాస్తుంది.

అసలు అక్షరాన్ని గుడ్డ మీద ఎందుకు నిలబెట్టాల్సి వచ్చింది? అట్టలో సున్న కోసి చూడండి. కోయగానే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది. గుండ్రటి అక్షరాలున్న మన లిపికి అడుగడుగునా ఇదే బాధ. జపాన్‌లో బట్టలకి రంగులద్దే కటగామి స్టెన్సిళ్ళలో, విడిపోయే ముక్కల్ని సన్నటి పట్టు దారాలతో పట్టి ఉంచేవాళ్ళు. 1907లో మాంచెస్టర్‌కి చెందిన శామ్యూల్ సైమన్ మొత్తం స్టెన్సిల్‌నే పట్టు గుడ్డ మీద నిలబెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ గుడ్డ పిండిమిల్లుల్లో పిండి జల్లించడానికి నేసేది. తర్వాత పట్టు పోయి నైలాన్ వచ్చింది, పాలిస్టర్ వచ్చింది. మన షాపుల్లో మాత్రం దాన్ని ఇప్పటికీ బోల్టింగ్ క్లాత్ అనే అంటారు. బోల్టింగ్ అంటే జల్లించడమే.

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. ఆ ఊరివాళ్ళకి దారాల లెక్క నేర్పక్కర్లేదు. సంచికి సెంటీమీటరుకు 43 దారాల మెష్ చాలు, శుభలేఖ మీది సన్న అక్షరాలకి 120 దారాలది కావాలి. చుక్క మరీ చిన్నదైతే దారం వెనకే దాక్కుంటుంది.

గుడ్డ దొరికింది సరే, అక్షరాన్ని చేత్తో కోయకుండా వెలుతురుతో కోయించే ఆలోచన ఇంకా పాతది. 1839లో స్కాట్లాండ్‌లో మంగో పాంటన్ అనే ఆయన, పొటాషియం డైక్రోమేట్ పూసిన కాగితం ఎండకి మారుతుందని ప్రకటించాడు. వెండి లవణాలు అక్కర్లేని చవక పద్ధతి ఇది, అన్నది ఆయన చెప్పుకున్న గొప్ప. 1852లో టాల్బట్, జెలటిన్‌లో డైక్రోమేట్ కలిపితే వెలుతురు తగిలినంత మేరా అది నీళ్ళకి కరగదని గుర్తించి పేటెంట్ తీసుకున్నాడు. స్క్రీన్ ప్రింటర్లు ఇరవయ్యో శతాబ్దంలో ఆ రెండు సంగతులనీ గుడ్డ మీదకి తెచ్చారు. 1962లో ఆండీ వార్హోల్ ఇదే పద్ధతిలో మార్లిన్ మన్రో ఫోటోని కాన్వాస్ మీదకి దించాడు. అక్కడ ఇంకు అలుక్కుపోయినా, రంగు పక్కకి జరిగినా అది కళ అయింది. మాకు ఆ వెసులుబాటు లేదు. మాది దేవుడి పేరు.

మామ ఊరినుంచి వచ్చాక తిట్టలేదు. “ఎండనంటావా, ఎమల్షన్‌నంటావా, ఫిల్మునంటావా? మూడూ ఒకేసారి మార్చినావంటే యాది తప్పో ఎట్ల తెలుస్తాది? ఒకటే మార్చల్ల” అన్నాడు.

కొత్తగా ఎమల్షన్ పూసి, స్క్రీన్‌లో సగం అట్టతో కప్పి ఎండ చూపించాడు. కప్పిన సగం నీళ్ళకి పూర్తిగా కొట్టుకుపోయింది. అంటే ఎమల్షన్ బాగుంది. ఎండాకాలంలో మా రేకుల గదిలో పూసిన ఎమల్షన్ చీకట్లో కూడా వేడికే గట్టిపడేది. అప్పుడు కప్పిన సగమూ కడిగితే పోదు. చూడటానికి రెండు జబ్బులూ ఒకేలా ఉంటాయి. ఈ అట్టముక్కే వాటిని విడదీసేది. తర్వాత ఇంకో స్క్రీన్ మీద అట్టని కాస్త కాస్త జరుపుతూ, ఒక్కో పట్టీకి ఒక్కో టైము ఇచ్చాడు. తక్కువ టైము ఇచ్చినచోట చుక్క వచ్చింది, కానీ చుట్టూ ఎమల్షన్ జారిపోయింది. ఎక్కువ ఇచ్చినచోట ఎమల్షన్ నిలిచింది, చుక్క పోయింది. రెండూ నిలిచే టైము ఎక్కడా లేదు.

“ఇంక మిగిలింది ఫిల్మే” అన్నాడు మామ.

మా ఫిల్మ్ అంటే లేజర్ ప్రింటర్‌లో తీసిన ట్రేసింగ్ పేపరే. ట్యూబ్‌లైటుకి అడ్డంపెట్టి చూస్తే నలుపు అనుకున్నది నలుపు కాదు, టోనర్ పలచబడి బూడిదరంగులో ఉంది. పెద్ద గీతలు ఎలాగో తట్టుకున్నాయి, చుక్క తట్టుకోలేదు. మామ ఎప్పుడూ రెండు ప్రింట్లు తీసి, అక్షరం మీద అక్షరం కుదిర్చి అంటించేవాడు. నేను ఒక్కటే పెట్టాను. అదే ఎండలో, అంతే సేపు, రెండు కాగితాలు పెట్టి చూపిస్తే చుక్క వచ్చింది. సంచులు మామ సొంత ఖర్చుతో మళ్ళీ కొట్టాడు. పాత సంచుల్లో మా ఇంటికి చాలాకాలం కూరగాయలొచ్చాయి.

ఇవాళ ఆఫీసులో బగ్ పట్టుకునేటప్పుడు నేను చేసేది అదే అట్టముక్క పని. అందుకే మామ గురించి ఎక్కడైనా గొప్పగా చెప్పుకుంటాను. చెప్పుకోనిది ఒకటుంది. మామ ఎమల్షన్‌లో కలిపేది బైక్రోమేట్. నారింజరంగు పలుకులు, చవక. పాంటన్ గొప్పగా చెప్పుకున్న చవకే అది. చేతులకి ఏమీ తొడుక్కోకుండా కలిపేవాడు, పూసేవాడు, కడిగేవాడు. కడిగిన పసుపు నీళ్ళు మోరీలోకి పోయేవి. మామ వేళ్ళ సందులు పగిలి, దురదతో రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. కిరసనాయిలు పడలేదేమో అనుకునేవాడు. బైక్రోమేట్‌లో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం చర్మాన్ని అలాగే పాడుచేస్తుంది. అది మనుషులకి క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే మొదటి వర్గంలో చేర్చింది. డయాజో ఎమల్షన్లు అప్పటికే ఉన్నాయి, ధరే ఎక్కువ. ఒక చేతికి గ్లవ్ వేసుకుని నెల రోజులు చూసి ఉంటే తెలిసిపోయేది. సగం కప్పి చూడటం మామకి తెలియని పని కాదు. స్క్రీన్‌కి చేసిన పరీక్ష తన చేతికి చెయ్యాలని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు.

తెలుగు ముద్రణ చరిత్ర రాసేవాళ్ళు పుస్తకాలు వెతుకుతారు, ప్రెస్సులు వెతుకుతారు. చిన్న ఊళ్ళలో చాలామంది తమ పేరు అచ్చులో చూసుకున్నది మాత్రం ఇలాంటి గుడ్డలోంచి దిగిన శుభలేఖ మీదే. ఆ గుడ్డ మీద చరిత్ర మిగలదు. పని అయిపోగానే బ్లీచింగ్ పౌడర్‌తో కడిగి, ఇంకో పెళ్ళికి వాడతారు.

ఫ్లెక్సీలొచ్చాక షాపు మూసేశాడు. మొన్న వెళ్ళినప్పుడు అటక మీద పాత స్క్రీన్లు దించాను. ఎంత కడిగినా దారాల్లో పాత అక్షరాల మరక పూర్తిగా పోదు, దాన్ని ప్రింటర్లు గోస్ట్ అంటారు. ఒక స్క్రీన్‌ని కిటికీకి అడ్డంపెట్టి చూస్తే, ఎవరివో పెళ్ళి పేర్ల కింద ‘నీలకంఠేశ్వర’ లీలగా కనబడింది.

“చుక్క ఉందా?” అన్నాడు మామ, మంచం మీదినుంచే.

ఉందన్నాను.